పెద్దప్రేగు కాన్సరు హద్దు దాటు విధము

చేతిమీద పులిపిరి పుట్టినచో నెవరును భయపడరు. మెడమీద క్రొవ్వుకంతి యేండ్ల తరబడి యున్నను, అది చూచుటకు వికారముగా నుండునే గాని సామాన్యముగా ప్రాణమునకు హాని చేయదు. మఱి పెద్దప్రేగులో వేరుసెనగ గింజంత కంతి కనబడినప్పుడు వైద్యులు దానిని వెంటనే తీసివేయవలెనని యేల చెప్పుచున్నారు? పెరుగుట యొక్కటియే ప్రమాదమైనచో క్రొవ్వుకంతియు ప్రమాదమే కావలెను గదా! భేదము పరిమాణమునందు లేదు. పుట్టినచోటనే నిలిచియుండు కంతి యొక జాతి. తన హద్దును దాటి క్రిందనున్న కండలోనికిని రక్తనాళములలోనికిని చొచ్చుకొనిపోవు కంతి మఱియొక జాతి. ఈ రెండవదానికే కాన్సరు అని పేరు. మన పెద్దలు దీనిని రాచపుండు అనిరి.

ఆ హద్దు ఎచ్చట నున్నది? దానిని కాపాడు వస్తువు లెవ్వి? అవి యెట్లు చెడును? ఈ మూడు ప్రశ్నలను పెద్దప్రేగును ఉదాహరణముగా గైకొని మనము విచారింతము. పెద్దప్రేగునే యెన్నుకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, గొట్టము ద్వారా వైద్యులు దాని లోపలిభాగమును కన్నులార చూడగలరు; రోగము మొలక దశనుండి ముదిరిన దశవరకు మెట్టుమెట్టుగా పరీక్షింపబడినది. రెండవది, ఈ రోగము అరుదైనది కాదు. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము ఆ యొక్క యేటనే లోకమంతటను సుమారు 19 లక్షలమందికి ఈ కాన్సరు క్రొత్తగా కనబడెను; సుమారు 9 లక్షలమంది దీనివలన మృతినొందిరి. మన దేశమున నిది పాశ్చాత్య దేశములలోకంటె తక్కువగానే యున్నను, ఇక్కడి రోగులు అనేకులు ఆలస్యముగా వైద్యునియొద్దకు వచ్చుచున్నారు. ఆలస్యమునకును హద్దు దాటుటకును గల సంబంధమును తెలిసికొనుటయే యీ పాఠముయొక్క ముఖ్యోద్దేశము.

1. ప్రేగు గోడ

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవు గల గొట్టము. చిన్నప్రేగునుండి వచ్చిన పలుచని పదార్థమునుండి నీటిని పీల్చుకొని, మిగిలిన మలమును గట్టిపరచి, క్రిందికి నెట్టుట దాని పని. దాని గోడలో లోపలినుండి వెలుపలికి నాలుగు పొరలు గలవు.

మొదటిది జిగటపొర. దీని పైభాగమున జీవకణములు ఒక్కొక్కటి ప్రక్కప్రక్కనే చేరి యొకే వరుసగా నుండును. ఈ వరుస అక్కడక్కడ బావులవలె లోపలికి దిగియుండును. వరుసకు క్రిందుగా మిక్కిలి పలుచని ఆధారపొర యొకటి పరచబడియున్నది. కొల్లాజెను, లామినిను అను మాంసకృత్తులతో అల్లబడిన చాపవంటి దది. జిగటపొర యడుగున సన్నని కండపట్టీ యొకటి యుండును.

రెండవది వదులుపొర. ఇందు రక్తనాళములును, లసిక అను పలుచని ద్రవము ప్రవహించు నాళములును విస్తారముగా నున్నవి. మూడవది దళసరియైన కండపొర. మలమును ముందునకు నెట్టునది యిదియే. నాలుగవది వెలిపొర.

బావుల యడుగున క్రొత్త కణములు నిరంతరము పుట్టుచుండును. అవి మెల్లమెల్లగా గోడవెంట పైకెక్కి, నాలుగైదు దినములలో అంచునకు చేరి, రాలిపోవును. కావున మన ప్రేగులో నీ వారమున్న లోవరుస గతవారముననున్నది కాదు. ఇంత త్వరగా కణములు పుట్టుచోట, ఒక కణము రెండగునపుడు నకలు వ్రాతలో తప్పులు దొరలుట కవకాశము ఎక్కువ.

హద్దు ఎచ్చటనున్నదో యిప్పుడు చెప్పవచ్చును. కణముల వరుస క్రిందనున్న ఆధారపొర మొదటి హద్దు; దాని క్రిందనున్న సన్నని కండపట్టీ రెండవ హద్దు. ఈ రెంటిని దాటి వదులుపొరలో అడుగిడిన కంతినే పెద్దప్రేగు విషయమున వైద్యులు చొరబడిన కాన్సరు అందురు. ఏలయనగా ఇతర అవయవములకు పోవు దారులు అక్కడనే సమృద్ధిగా నున్నవి.

2. మాంసకృత్తులు వ్యక్తమగుట

మన దేహములోని కణములన్నిటిలోను దాదాపు ఒకే జన్యువులు గలవు. మాంసకృత్తులను తయారుచేయుటకు వలయు విధులు వ్రాయబడిన జన్యువులు సుమారు 20,000 అని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. కంటికణమునందును, ప్రేగుకణమునందును పుస్తకము ఒక్కటియే. అయితే ఒక్కొక్క కణము తనకు కావలసిన పుటలను మాత్రమే చదువును. పాఠశాలలోని నిఘంటువు అన్ని తరగతులవారికి నొక్కటియే యైనను, ఏ తరగతి బాలుడు ఆ తరగతికి వలయు మాటలనే వెదకికొనునట్లు దీనిని గ్రహింపవలెను. జన్యువు చదువబడి, దాని ప్రకారము మాంసకృత్తు తయారగుటకు వ్యక్తమగుట అని పేరు.

ఒక మాంసకృత్తు వ్యక్తమైనదని చెప్పినంతమాత్రమున చాలదు. మూడు విషయములు విచారింపవలెను: అది యెంత యున్నది? ఏ కణములో నున్నది? ఆ కణములో నే స్థలమున నున్నది? విద్యార్థులు ఈ మూడవ ప్రశ్నను ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెను. ఈ పాఠమంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

కంటికి కనబడని మాంసకృత్తును చూచుట యెట్లు? ఒక్కొక్క మాంసకృత్తును గుర్తించి దానిని మాత్రమే అంటుకొను ప్రతిరక్షకములు గలవు. అట్టి ప్రతిరక్షకమునకు మెరయు రంగును అతికించి, సూక్ష్మదర్శిని క్రింద చూచు ఉపాయమును అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బర్టు కూన్సు 1941వ సంవత్సరమున తన సహచరులతో ప్రకటించెను. నేటి ఆసుపత్రులలో శస్త్రచికిత్సచే తీసిన ముక్కను ఫార్మలినులో నుంచి, మైనములో పోతపోసి, కాగితముకంటె ఎన్నో రెట్లు పలుచని పొరలుగా కోసి, ప్రతిరక్షకము నద్ది, మాంసకృత్తు ఉన్నచోట గోధుమవర్ణము తేలునట్లు చేయుచున్నారు. ఆ వర్ణము కణపు అంచున నున్నదా, నడుమ నున్నదా, కేంద్రకమున నున్నదా అనునది పాథాలజిస్టు చూచి చెప్పును.

3. పట్టుకొనియుండు మాంసకృత్తు

కణములు వరుస తప్పక నిలుచుటకు కారణమేమి? జపాను దేశీయుడైన మాసతోషి తాకెయిచి దీనిని పరిశోధించెను. కాల్షియము ఉన్నపుడు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండు కణములు, కాల్షియము తీసివేయగానే విడిపోవుటకు కణముల పైభాగమునగల మాంసకృత్తులు కారణమని 1977లో ఆయన చూపెను. ఈ పట్టును గలిగించు మాంసకృత్తునకు 1984లో కాడ్హెరిను అని నామకరణము జరిగెను. ప్రేగు మొదలైన అవయవముల లోవరుసలలో నుండునది ఈ-కాడ్హెరిను.

ఇది కణపు అంచునుండి వెలుపలికి చాచిన చేతివంటిది. ప్రక్క కణమునుండియు అట్టి చేయియే చాపబడి, రెండును ఒకదానినొకటి పట్టుకొనును. చేయి బలముగా నుండవలెనన్నచో భుజము దేహమునకు అతుకబడి యుండవలెను గదా. అట్లే ఈ-కాడ్హెరినుయొక్క లోపలికొన కణములోని సన్నని త్రాళ్లకు కట్టబడియున్నది. ఈ కట్టునందు పాల్గొనువాటికి కాటెనినులు అని పేరు. లాటిను భాషలో కాటెనా యనగా గొలుసు. వానిలో నొకటియైన బీటా-కాటెనినును గూర్చి ముందు చాల చెప్పవలసియున్నది.

ఈ పట్టు సడలినయెడల నేమగును? 1991లో జర్మనీ, బెల్జియము దేశముల పరిశోధకులు వేర్వేరుగా దీనిని పరీక్షించిరి. ఈ-కాడ్హెరినును పోగొట్టుకొన్న కణములు కొల్లాజెను గడ్డలోనికి చొచ్చుకొనిపోయెను. ఆ మాంసకృత్తును మరల కలుగజేసినప్పుడు చొరబాటు తగ్గిపోయెను. కావున పట్టు సడలుట కాన్సరుయొక్క అలంకారము కాదు, దాని చొరబాటునకు కారణములలో నొకటి యని రుజువయ్యెను.

4. ఒకే మాంసకృత్తునకు రెండు ఉద్యోగములు

బీటా-కాటెనిను కణపు అంచున నున్నంతకాలము ఈ-కాడ్హెరినును పట్టుకొని గృహమును నిలుపు పని చేయును. కాని దానికి మఱియొక ఉద్యోగము గలదు. అది కేంద్రకములో ప్రవేశించినయెడల, పెరుగుదలకు సంబంధించిన జన్యువులను చదువుడని ఆజ్ఞ యిచ్చును. ఈ ఆజ్ఞ చెడ్డది కాదు. బావి యడుగున క్రొత్త కణములు పుట్టుటకు అది యవసరము. అయితే కణము పైకెక్కిన కొలది ఆ యాజ్ఞ ఆగిపోవలెను.

దాని నాపువాడెవడు? అంచున పని లేక కణములో తిరుగు బీటా-కాటెనినును పట్టి, నాశనమునకు గుర్తు వేయు మాంసకృత్తుల సమూహ మొకటి గలదు. అందు ప్రధానమైనది ఏ.పి.సి. అనునది. దీని జన్యువు అయిదవ క్రోమోసోముమీద నున్నట్లు 1991లో కనుగొనబడెను. పెద్దప్రేగు కాన్సరులలో అయిదింట నాలుగువంతులవరకు ఈ జన్యువు చెడియే యుండును. ఏ.పి.సి. చెడినయెడల బీటా-కాటెనిను నశింపక పోగుపడి, కేంద్రకమున ప్రవేశించి, ఎల్లప్పుడును పెరుగుమని చెప్పుచుండును. బావి యడుగున మాత్రమే వినబడవలసిన ఆజ్ఞ బావి యొడ్డున కూడ వినబడును. అక్కడ రాలిపోవలసిన కణములు రాలక గుమిగూడును. ఇదియే పాలిపు అను చిన్నకంతికి ఆరంభము.

కొన్ని కుటుంబములలో పిల్లలు చెడిన ఏ.పి.సి. జన్యువుతోనే పుట్టుదురు. వారికి యౌవనముననే పెద్దప్రేగులో వందలకొలది పాలిపులు మొలచును. చికిత్స చేయనిచో దాదాపు వారందఱికిని నడివయస్సునకే కాన్సరు వచ్చును. ఒక్క మాంసకృత్తు లోపము ఎంతపని చేయునో దీనివలన తెలియుచున్నది.

5. మొలకనుండి కాన్సరువరకు

పాలిపు కాన్సరు కాదు. అది హద్దుకు పైభాగముననే యున్నది. పాలిపులలో ననేకము ఎన్నడును కాన్సరు కావు. కొన్ని మాత్రము క్రమక్రమముగా మారును. 1990లో ఎరిక్ ఫియరను, బెర్టు వోగెల్‌స్టైను అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ మార్పునకు మెట్ల పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఒక్క జన్యువు చెడినంతమాత్రమున కాన్సరు రాదనియు, అనేక జన్యువులలో మార్పులు ఒకదానిమీద నొకటి పోగుపడవలెననియు వారి సిద్ధాంతము. ఏ.పి.సి. మొదట చెడుట సామాన్యము. తరువాత పెరుగుదల మీటను వదలక నొక్కియుంచు కె-రాస్ జన్యువు మార్పు. పిమ్మట పదునెనిమిదవ క్రోమోసోములో నష్టము. చెడిన కణమును ఆపి పరీక్షించు పి-53 అను కావలి మాంసకృత్తు నష్టము. ఈ వరుస అందఱియందును ఒకే రీతిగా నుండదు. కాని పోగుపడుట మాత్రము సామాన్య ధర్మము.

ఇందులకు సామాన్యముగా పది సంవత్సరములో అంతకంటె ఎక్కువయో పట్టును. పది సంవత్సరము లనగా బాలుడు మొదటి తరగతిలో చేరి హైస్కూలు చదువు ముగించునంత కాలము. రోగము మనకు ఇంత గడువు నిచ్చుచున్నదను మాట విద్యార్థులును తలిదండ్రులును మరువకూడదు.

6. కోయు మాంసకృత్తులు

పట్టు సడలినంతమాత్రమున కణము హద్దు దాటజాలదు. ఆధారపొర చాపను చీల్చవలెను. ఇందులకు కత్తెరలు కావలెను. ఆ కత్తెరలను మొదట కనుగొన్న కథ మన బాలురకు రుచించును. తోకగల కప్పపిల్ల పెద్ద కప్ప యగునపుడు తోక యెచ్చటికి పోవును? రాలిపోదు, కరిగిపోవును. 1962లో జెరోము గ్రాసు, చార్లెసు లాపియేరు అను శాస్త్రజ్ఞులు కప్పపిల్ల తోక ముక్కను కొల్లాజెను గడ్డమీద నుంచి చూడగా, ముక్క చుట్టును గడ్డ కరిగిపోయెను. గట్టిదైన కొల్లాజెనును కోయు ఎంజైము తోకయందున్నదని తేలెను.

అటుపిమ్మట ఇట్టి ఎంజైములు మనుష్యులలో ఇరువదికి పైగా కనబడినవి. ఇవి మాంసకృత్తులే. తుత్తునాగపు పరమాణువు నొకదానిని నడుమ నుంచుకొని పనిచేయును గనుక వీనికి మెటల్లోప్రోటీనేజులు అని పేరు పెట్టి, అంకెలతో గుర్తించిరి. 2వదియు 9వదియు ఆధారపొరలోని కొల్లాజెనును కోయును. 7వది పెద్దప్రేగు కంతులలో సాధారణముగా వ్యక్తమగును. ఈ కత్తెరలు దేహమునకు శత్రువులు కావు. గాయము మానుటకును, ఎముక పెరుగుటకును అవి యవసరము. వానిని అదుపులో నుంచు నిరోధక మాంసకృత్తులు కూడ దేహముననే యున్నవి. కంతియొద్ద ఈ సమత్వము తప్పును. కణములు మాత్రమేగాక, చుట్టునున్న ఆరోగ్యకరమైన కణములు కూడ కంతి ప్రేరణవలన కత్తెరలను తయారుచేయును.

ఇందొక విశేషము గలదు. 7వ కత్తెర జన్యువును చదువుమని యాజ్ఞ యిచ్చువానిలో మన బీటా-కాటెనిను ఒకటి. అంచున నున్నపుడు గోడను నిలుపు మాంసకృత్తే, కేంద్రకమున చేరినపుడు గోడను కోయు కత్తెరను పిలుచుచున్నది. మాంసకృత్తు మారలేదు, దాని స్థానము మారినది.

7. కంతి యంచున జరుగునది

ఒక కంతిలోని కణములన్నియు నొకే తల్లికణమునుండి పుట్టినవి, అన్నిటియందును ఏ.పి.సి. చెడియేయున్నది. కావున అన్నిటియందును బీటా-కాటెనిను ఒకేరీతిగా కేంద్రకమున నుండవలెనని మనము తలంతుము. జర్మనీ దేశపు థామసు బ్రాబ్లెట్సును ఆయన సహచరులును 1998లోను 2001లోను ప్రకటించిన పరిశీలనలలో అట్లు కనబడలేదు. కంతి నడుమనున్న కణములలో బీటా-కాటెనిను విశేషముగా కణపు అంచులయందును కణద్రవమునందును ఉండెను. అక్కడ కణములు ఇంకను బావులవంటి ఆకారమును నిలుపుకొనియుండెను. చొరబడుచున్న అంచునందలి కణములలోనో, అది కేంద్రకమున నిండియుండెను. ఈ-కాడ్హెరిను పట్టు సడలి, కణములు విడివడి యుండెను. దూరపు అవయవములలో స్థిరపడిన కంతులను చూడగా, అక్కడ కణములు మరల పట్టు సంపాదించుకొని, మొదటి కంతివలెనే బావుల ఆకారమును పొందియుండెను.

దీనినుండి మనము గ్రహింపవలసినది యేమనగా, చొరబాటు అనునది జన్యువు చెడుటవలన మాత్రమే కలుగునది కాదు. చుట్టునున్న కణములు పంపు సందేశములు కూడ అందు పాలుగొనును. హద్దు దాటునపుడు కణము పట్టు విడుచును. దాటి స్థలము చిక్కిన పిమ్మట మరల పట్టుకొనును. పట్టు విడుచుట శాశ్వతము కాదు.

ఈ విడివడిన కణములను సూక్ష్మదర్శినిలో నేటి పాథాలజిస్టులు లెక్కించుచున్నారు. కంతి యంచున ఒంటరిగానో, నాలుగు మించని గుంపుగానో కనబడు కణములకు మొగ్గలు అని పేరు. స్విట్జర్లండులోని బెర్ను నగరమున 2016లో పండితులు చేరి, లెక్కించు విధమును ఏకగ్రీవముగా నిర్ణయించిరి. నిర్ణీతమైన స్థలములో 4వరకు ఉన్నచో తక్కువ, 5 మొదలు 9వరకు మధ్యమము, 10గాని అంతకు మించిగాని యున్నచో ఎక్కువ. వదులుపొరవరకు మాత్రమే చొరబడిన చిన్న కాన్సరులో మొగ్గలు ఎక్కువగా నున్నచో, లసికా గ్రంథులకు రోగము ప్రాకియుండుట కవకాశము హెచ్చు. అట్టివానికి పాలిపును తీసివేయుటతో సరిపెట్టక, ఇంకను శస్త్రచికిత్స చేయవలెనా యని వైద్యులు ఆలోచింతురు.

8. హద్దు దాటిన పిమ్మట

వదులుపొరలోని లసికా నాళములలో పడిన కణములు సమీపపు లసికా గ్రంథులకు చేరును. రక్తనాళములలో పడినవి అనేకముగా కాలేయమునకు పోవును. ఏలయనగా ప్రేగులనుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే పోవును. కావుననే ఈ కాన్సరు దూరపు అవయవములలో కాలేయమునందే యెక్కువగా కనబడును.

లండను నగరమున సెయింటు మార్క్సు ఆసుపత్రిలో పాథాలజిస్టుగా నుండిన కత్బర్టు డ్యూక్సు 1932లో పురీషనాళపు కాన్సరును మూడు తరగతులుగా విభజించెను. గోడలోనే యున్నది మొదటి తరగతి. గోడను దాటి చుట్టునున్న భాగములలోనికి పోయినది రెండవ తరగతి. లసికా గ్రంథులకు చేరినది మూడవ తరగతి. కంతి యెంత పెద్దదని గాక, ఎంతదూరము దాటినదని ఆయన ప్రశ్నించెను. నేడు మఱింత సూక్ష్మమైన విభాగములు వచ్చినను, వాని కాధారము ఆ ప్రశ్నయే.

అమెరికా లెక్కలనుబట్టి, ప్రేగు గోడలోనే యున్నపుడు కనబడిన కాన్సరు గలవారిలో నూటికి సుమారు 90 మంది అయిదు సంవత్సరముల తరువాతను జీవించియున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట కనబడినవారిలో నూటికి 20 మందికి లోపుగానే అట్లు జీవించుచున్నారు. ఆ రెండు సంఖ్యల నడుమ నున్న అగాధమే హద్దు.

9. ఈ జ్ఞానమువలని ప్రయోజనము

కత్తెరలను ఆపు మందు ఇచ్చినచో చొరబాటు ఆగునని తలంచి, 1990 తరువాతి సంవత్సరములలో అట్టి మందులను పరీక్షించిరి. అవి విఫలమయ్యెను. రోగము ముదిరినవారికే ఇయ్యబడుటయు, మేలుచేయు కత్తెరలు కూడ ఆపబడుటయు అందులకు కారణములుగా చెప్పబడినవి. కీళ్లనొప్పులు కూడ కలిగెను. ఒక మాంసకృత్తు నేరములో పాలుగొన్నదని తెలిసినంతమాత్రమున, దానిని అణచుటయే చికిత్స కానేరదని యిది నేర్పెను.

కాని మఱియొక చోట మాంసకృత్తుల పరీక్ష గొప్ప మేలు చేసినది. జన్యువుల నకలులో తప్పులను దిద్దు నాలుగు మాంసకృత్తులలో ఏదైనను కంతిలో వ్యక్తము కాకున్నదా యని గోధుమవర్ణపు పరీక్షచేత తెలిసికొందురు. పెద్దప్రేగు కాన్సరులలో నూటికి సుమారు 15 ఇట్టి లోపము గలవి. వానిలో కొన్ని కుటుంబపారంపర్యముగా వచ్చునవి గనుక, రోగి తోబుట్టువులను బిడ్డలను ముందుగా పరీక్షించుటకు వీలగును. దేహరక్షక కణములను మేలుకొలుపు క్రొత్త మందులు ఇట్టివారికే విశేషముగా పనిచేయును. 2022లో ప్రకటింపబడిన యొక చిన్న పరిశోధనలో, ఇట్టి లోపము గల పురీషనాళపు కాన్సరుతో ఆ చికిత్సను పూర్తిచేసిన 12 మందికిని కంతి పరీక్షలకు కనబడకుండ పోయెను.

అన్నిటికంటె సులభమైన చికిత్స మాత్రము హద్దు దాటకముందే పాలిపును తీసివేయుట. 1969లో న్యూయార్కు నగరమున హిరోమి షిన్యా, విలియము వోల్ఫు అను వైద్యులు కడుపు కోయక, గొట్టము ద్వారానే పెద్దప్రేగు పాలిపులను తీసివేయుట మొదలిడిరి. 1993లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలనలో, పాలిపులు తీసివేయబడిన 1,418 మందిని సగటున సుమారు ఆరు సంవత్సరములు కనిపెట్టి చూడగా, అయిదుగురికి మాత్రమే కాన్సరు కనబడెను, అదియు తొలిదశలోనే. ఎదురుచూచిన సంఖ్యలో నిది మిక్కిలి స్వల్పభాగము. మలములో కంటికి కనబడని రక్తమును పట్టు పరీక్ష కూడ గలదు. 2021నుండి అమెరికాలో 45 సంవత్సరములు నిండినవారికి, ఏ బాధ లేకున్నను, పరీక్ష చేయవలెనని సలహా యియ్యబడుచున్నది.

10. గృహములలో గమనింపవలసినది

మన యిండ్లలో మలవిసర్జనమును గూర్చి మాటలాడుట సిగ్గుగా నెంచుదురు. తాతగారికి రక్తము పడినను కోడలితో చెప్పరు. అమ్మమ్మ కొడుకుతో చెప్పదు. చెప్పినను, మొలలని తలంచి పసరు వైద్యముతో నెలలు గడుపుదురు. రక్తము పడినవారిలో ననేకులకు మొలలే కారణమనుట నిజము. అయితే మొలలా, పాలిపా, కాన్సరా అనునది ఊహించి చెప్పరాదు, చూచియే చెప్పవలెను.

మలములో రక్తము, కొన్ని వారములపాటు మలవిసర్జనపు అలవాటు మారుట, కారణము తెలియక బరువు తగ్గుట, పెద్దవారికి కారణములేని రక్తహీనత, తగ్గని కడుపునొప్పి: ఇవి కనబడినచో వైద్యుని చూడవలెను. తలిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఈ రోగము వచ్చియున్న కుటుంబములవారు లక్షణములకై కనిపెట్టుకొనియుండక ముందుగానే వైద్యుని అడుగవలెను. పాలిపునకు సామాన్యముగా బాధ యుండదు. కావున బాధ లేదను ధైర్యము ఆరోగ్యమునకు సాక్ష్యము కాదు.

చదువుకొన్న బిడ్డలు ఇంటిలో చేయదగిన సేవ యొకటి యిందున్నది. పెద్దలు సిగ్గుపడు మాటను బిడ్డలు శాస్త్రజ్ఞానముతో మర్యాదగా అడిగినయెడల, వారు చెప్పుట సులభమగును. కణములు పట్టు విడిచి హద్దు దాటుటకు పది సంవత్సరములు పట్టవచ్చును. ఒక మాట అడుగుటకు ఒక్క నిమిషము చాలును.

విద్యార్థులకు ప్రశ్నలు

1. ప్రేగు గోడయొక్క పొరలను లోపలినుండి వెలుపలికి వరుసగా వ్రాసి, హద్దు ఎచ్చట నున్నదో గుర్తింపుము.
2. కణపు అంచున నున్న బీటా-కాటెనినునకును, కేంద్రకమున నున్న బీటా-కాటెనినునకును పనిలో భేదమేమి?
3. కప్పపిల్ల తోకతో చేసిన పరీక్ష కాన్సరును గూర్చి మనకేమి నేర్పెను?
4. కంతిలోని కణములన్నియు నొకే తల్లికణమునుండి పుట్టినను, నడుమనున్నవియు అంచుననున్నవియు వేర్వేరుగా నుండుటకు కారణమేమి?
5. పెద్దప్రేగు కాన్సరు మొదట కాలేయమునకు ప్రాకుటకు కారణమేమి?
6. బాధ లేకపోవుట ఆరోగ్యమునకు సాక్ష్యము కాదని ఏల చెప్పితిమి?